ఒక్క పోగు పోదు

"నెట్ లేదు" అనే రెండు మాటల మీద ప్రభాకర్ ఎనిమిది నెలలు బండి నడిపాడు.

వీడియోలో కనబడమని కోరుట్ల నుంచి భార్య మానస అడిగినప్పుడల్లా అదే జవాబు. వాడకట్టులో గల్ఫ్‌కు పోయిన వాళ్లంతా ఐమోలో పెళ్లాం పిల్లలకు కనబడుతూనే ఉన్నారు. ఇతని ఒక్కడి దగ్గరే నెట్ లేదు. పాత నంబరు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ మాత్రం ఎలాగో దూరిపోతుంది.

అసలు సంగతి వేరు. ఇంటి దగ్గర చెప్పింది స్టోర్‌కీపర్ పని, ఏసీ గది. ఉన్నది రేకుల షెడ్డు, చెవులు చిల్లులు పడే మిషన్లు, పన్నెండు గంటల డ్యూటీ, ఒక్క గదిలో ఆరుగురు. ఏజెంటు చెప్పిన పని ఒకటి, చివరికి దొరికిన పని ఒకటి. కోరుట్ల బస్టాండ్‌లో మెడలో దండేసి పంపిన వాళ్లు గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోయేవాడు. అందరికంటే మానస. ఏజెంటుకు కట్టడానికి చెవికమ్మలు తీసిచ్చిన రోజు ఆమె ఎంత సంబరంగా ఉందని! ఆ ముఖం చిన్నబోతే చూసే ధైర్యం అతనికి లేదు.

మిగతావన్నీ అలవాటైపోయాయి. మానసతో మాట్లాడే ముందు గడియారంలోంచి రెండున్నర గంటలు తీసేయడం కూడా. ఆమె టిఫిన్ తిన్నానంటే తను ఇప్పుడే లేచానని ఆవలించాలి.

చిక్కేమిటంటే, మానస డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. ఇంటర్నెట్ సెంటర్లో పనిచేస్తోంది. నెట్ లేదంటే సరేనని ఊరుకునే రకం కాదు.

ఒకనాడు పొద్దున్నే లింకు ఒకటి వచ్చింది. దాని వెనకాలే ఆమె గొంతు.

"నెట్ తక్కువుంటే ఏంది? నేనే ఒక పేజీ తయారు జేసిన. జావాస్క్రిప్ట్‌ల రాసిన. యాప్ గీప్ ఏం వద్దు, బ్రౌజర్ల తెరిస్తె సాలు. ఫొటో పెడితె నీ ఫోన్లనే మడత పెడ్తది, ముక్కలు ముక్కలు జేసి పంపుతది. నడుమ నెట్ పోయినా, మల్ల అచ్చినంక ఆగిన కాన్నుంచే పోతది. గిక్కడ నా బ్రౌజర్ల మడత ఇప్పుకుంటది."

ప్రభాకర్ సాకు వెతికాడు. "మడత పెడ్తె ఫొటో ఖరాబ్ కాదా?"

"వాట్సాప్ అయితె చిన్నగ జేసేటప్పుడు కొంత పారేస్తది. నాది పారెయ్యది. చీర మడత పెడ్తె చీర తగ్గుతదా? ఇప్పితె ఉన్నదున్నట్టే, ఒక్క పోగు పోదు. ఫొటో మస్తు చిన్నగ గాదు గని, ఐదింట్ల ఒక వంతు తగ్గుతది. గది సాలు. ముందుగాల నీ ఏసీ రూం పంపు. నాయిన ఏడ పండుకుంటడని బిడ్డ రోజు పానం తీస్తున్నది."

పక్క మంచం మీద రుద్రంగి హన్మంతు అంతా విని పడి పడి నవ్వాడు.

"ఏసీ గావాలె, గంతేనా? ఓనర్ ఆఫీసుల ఉన్నది గదా. ఆయన పది గాకముందు రాడు. పా."

ఇద్దరూ దొంగల్లా దూరారు. ప్రభాకర్ ఉతికిన చొక్కా తొడుక్కుని ఓనరు కుర్చీలో కూర్చున్నాడు. ఏసీ పడేలా, గోడ మీది క్యాలెండర్ పడకుండా హన్మంతు ప్రభాకర్ ఫోన్‌తోనే మూడు ఫొటోలు తీశాడు.

"కాలు మీద కాలేస్కో. షేక్ లెక్కుంటవు."

కాలు మీద కాలేసుకున్న ఫొటోనే ఎంచుకుని ప్రభాకర్ పేజీ తెరిచాడు. ఏదో అడిగింది. ఓకే నొక్కాడు. ఫోన్ ఏది అడిగినా చదవకుండా ఓకే నొక్కడం కొన్న రోజు నుంచీ అతని పద్ధతి. అప్పట్లో కెమెరా ఏదో అడిగితే దానికీ ఓకే. పేజీలో పచ్చగీత ఒకటి మెల్లగా పాకి, ఆ చివరకు చేరింది.

నిమిషంలో జవాబు వచ్చింది. "అచ్చింది! కుర్చీ జబర్దస్తుగున్నది. ఆగు, మంచిగ సూస్త."

ప్రభాకర్ ఊపిరి పీల్చుకుని డ్యూటీకి పోయాడు. ఆ తరువాత మానస దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

తొమ్మిదయింది. పదయింది. "తిన్నవా?" అని పెట్టిన మెసేజ్‌కు నీలం గీతలు పడ్డాయి తప్ప మాట లేదు. అతను ఫొటోను పెద్దది చేసి మూలమూలా గాలించాడు. ఏసీ ఉంది. కుర్చీ ఉంది. క్యాలెండర్ లేదు. తన ముఖంలోనే ఏమైనా దొరికిపోయిందా?

"సక్కగున్నవు పో," అన్నాడు హన్మంతు. "నీదంత ఉత్త అనుమానం."

పదకొండుకు ఫోన్ మోగింది. పదకొండంటే ఎనిమిదిన్నర అని అలవాటుగా లెక్కేసుకుంటూ ప్రభాకర్ వాయిస్ మెసేజ్ చెవిన పెట్టుకున్నాడు. మానస వెనకాల ఏవో హారన్లు.

"ఏందయ్యా, చెప్పిన గదా, ఒక్క పోగు పోదని. ఫొటో ఏ జాగల తీసినవో కెమెరా గది గూడ దాంట్లనే రాస్కుంటది. వాట్సాప్ గా ముక్క పారేస్తది, నా పేజీ పారెయ్యలే. కమ్మలు పోతె పోనియ్, నాకేం రంది లేదు, మనిషి సల్లగున్నవు. బిడ్డను సంకనేసుకొని సిరిసిల్ల బస్టాండ్ల నిలవడ్డ, గా బట్ట నేసే సాంచ బంద్ వెట్టి జల్ది రా."