బొమ్మ వచ్చింది, సప్పుడు రాలె

“బొమ్మ వచ్చింది గదన్నా! ఇంకేం గావాలె?” టీవీ వెనక నుంచి తల బయటికి తీస్తూ అన్నాడు ఎల్లేష్.

“సప్పుడు రాలె,” అన్నాడు నాగేందర్.

తెర మీద ఆకుపచ్చ కప్ప ఒకటి తామరాకు మీద కూర్చుని ఊగుతోంది. ఆ వీడియోగేమ్ పెట్టె ఇరవై ఏళ్ల కిందటిది. దానికున్నవి రెండే తీగలు, బొమ్మకు పసుపుది, చప్పుడుకు తెల్లది. కొత్త టీవీకి ఆ తీగలు దూరే బొక్కలే లేవు. మధ్యలో అగ్గిపెట్టెంత కన్వర్టర్ తగిలించి, దానికి వేరే కరెంటు ఇచ్చి, గంటసేపు కుస్తీ పడితే ఈ కప్ప దర్శనమిచ్చింది.

“సప్పుడుకేమున్నదన్నా, ఫోన్ల ఏదన్న పాట పెట్టుకో. కప్ప దుంకినప్పుడల్లా నువ్వే ‘టుంయ్’ అను.”

నాగేందర్ నవ్వలేదు. “బొమ్మ లేకున్నా మంచిదే. సప్పుడు రావాలె.”

ఎల్లేష్ తిరుమలగిరిలో రిపేరు దుకాణం తెరిచి మూడు నెలలు కాలేదు. ఊళ్లో మనుషులింకా అలవాటు కాలేదు. చప్పుడు ఉంటే చాలు, బొమ్మ అక్కర్లేదన్న మనిషిని మాత్రం ఏ ఊళ్లోనూ చూడలేదు. పెట్టె మూత విప్పి చూశాడు. తెల్ల తీగ లోపల అతుకు ఊడి వేలాడుతోంది.

“కాక పెట్టి అతకాలె. జర టైం పడ్తది.”

“పట్టనీ. ఇయ్యాల ఆదివారమే గదా.”

ఎల్లేష్ సామాను పరుచుకున్నాడు. గది రైలు డబ్బాలా సన్నగా, పొడుగ్గా ఉంది. నడినెత్తిన దూలం ఒకటి సున్నం ఎరగని ఇటుక గోడలోకి దూరి మాయమైంది. ఎదుటి గోడకు మేకుల గుర్తులున్నాయి, మొన్నటిదాకా టీవీ అక్కడే ఉన్నట్టుంది. ఇప్పుడు స్టూలు మీద, ఆ ఇటుక గోడకు వీపు ఆనించుకుని కూర్చుంది.

“ఈడ ఎండ పడ్తదన్నా. బొమ్మ సక్కగ అగుపడది.”

“ఈడనే ఉండనీ.”

వంటగట్టు మీద కడిగి బోర్లించిన కంచం ఒక్కటి, గ్లాసు ఒక్కటి. నాగేందర్ ఆ గ్లాసులోనే టీ పోసి ఎల్లేష్‌కు ఇచ్చాడు. తాను చెంబులో పోసుకున్నాడు. ఇంటికి ఇంకో మనిషి వచ్చి చాలా కాలమైనట్టుంది.

“నువ్వొక్కనివే ఆడుతవా అన్నా? రిమోట్లు రెండున్నయి గదా.”

“ఇద్దరం ఆడేటోళ్లం. నేను, మా తమ్ముడు నవీన్. నిద్ర లేస్తే ఇదే పని. మా అవ్వ కట్టె పట్టుకొని కొట్టేది ఇద్దర్ని.”

“తమ్ముడు ఇప్పుడు...”

నాగేందర్ గోడకేసి చూశాడు. “ఆరేండ్లాయె.”

ఎల్లేష్ చేతిలో సీసపు తీగ ఆగిపోయింది. తెల్లారితే పెత్రమాస. చచ్చిపోయినవాళ్లకు ఇష్టమని బీడీకట్ట పెట్టే ఇళ్లు చూశాడు, కల్లు సీసా పెట్టే ఇళ్లు చూశాడు. ఆట పెట్టే ఇల్లు ఇదే మొదటిది. ఇందాక ‘టుంయ్’ అనమని ఎగతాళి చేసినందుకు నాలుక కొరుక్కున్నాడు.

“రేపటికేనా అన్నా?” మెల్లగా అడిగాడు.

“రేపటిదాంక నాతోని గాదు. ఇయ్యాల్నే గావాలె.”

ఎల్లేష్ అతుకు రెండుసార్లు వేశాడు. ఊది చల్లార్చి, మూత బిగించి స్విచ్ నొక్కాడు.

‘టింటిటింటిం టుంయ్!’

నాగేందర్ కిందికి జారి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. టీవీ రిమోట్ తీసుకుని చప్పుడు పెంచాడు. ఇరవై, నలభై, డెబ్భై. ఇటుకల సందుల్లోంచి మట్టి రాలేట్టుంది.

“అన్నా, గల్లీ అంత ఇనబడ్తది!”

“ఇననీ.” ఎల్లేష్ వంక చూడకుండానే అడిగాడు. “ఇంటడంటవా?”

“ఇంటడన్నా. యాడున్నా ఇంటడు.”

కప్ప దుంకింది. రెండు ఆకులు దాటింది. మూడో ఆకు దగ్గర మొసలి నోరు తెరిచింది. కప్ప నేరుగా దాని నోట్లో పడింది. ఏడుపు పాటొకటి ఊరంతా వినబడేలా మోగింది. నాగేందర్ మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ మొసలే. మూడోసారీ మొసలే. అతను ఆట చూడడం లేదని, గోడను చూస్తున్నాడని ఎల్లేష్‌కు అప్పుడు తెలిసింది.

ఇక నిలబడలేకపోయాడు. సామాను సంచిలో వేసుకుని, “పోయొస్తనన్నా,” అని బయటపడ్డాడు.

ఆ ఇటుక గోడకు అవతలి వాకిట్లో ఎవరో ఒకతను నల్లా కింద బిందె పట్టుకుని నిలబడ్డాడు. నల్లాలో చుక్క నీళ్లు లేవు. బిందె మాత్రం అలాగే పట్టుకుని ఉన్నాడు.

“ఓ భయ్, జర ఆగు,” అన్నాడు.

తిట్లకు సిద్ధపడి ఆగాడు ఎల్లేష్. “సప్పుడు ఎక్కువైందా అన్నా? తగ్గియ్యమని చెప్తా. పాపం, తమ్ముడు యాదికొచ్చి...”

“వద్దు. తగ్గియ్యకు.”

లోపల మొసలి మరో కప్పను మింగింది. ఏడుపు పాట మోగినంతసేపూ అతను తల వంచుకుని విన్నాడు. బిందె కింద పెట్టి, భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత, ఎల్లేష్‌కు మాత్రమే వినబడేలా అన్నాడు.

“మొసలి నోరు మూసినంక దుంకమని మా అన్నకు జెప్పు.”