కడగని నెయ్యి డబ్బా

కశ్మీరు కొండల్లో మొక్కజొన్న కంకులు పాలు పట్టాయంటే జూనికి నిద్ర ఉండదు. రాత్రంతా ఇంటి గుమ్మంలో కూర్చుని రేకుడబ్బా కొడుతుంది. చేలో మంచె మీద కాపలా ఉన్న కొడుకు ముఖ్తార్ తన డబ్బా కొట్టి బదులిస్తాడు. ఆ మోతకి నల్ల ఎలుగు దగ్గరికి రాదు.

"పడుకో అత్తా! నీ మోతకి ఎలుగు సంగతేమో గానీ ఊరే పారిపోయేలా ఉంది," అంది కోడలు రఫీకా.

జూని మళ్లీ కొట్టింది. బదులుగా పెద్ద కేక, మంచె ఫెళ్లున విరిగిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

కాగడా ఒకరు, డబ్బా ఒకరు పట్టుకుని పరుగెత్తారు. చేను చేరేసరికి లోపల డబ్బా మోగింది.

"ఉన్నాడత్తా! కొడుతున్నాడు!"

జూని కాళ్లు ఆగిపోయాయి. అది కర్ర దెబ్బ కాదు. గోళ్ల గీకుడు, మధ్యమధ్య నాకుతున్న చప్పుడు. ముఖ్తార్ పాత డబ్బా చిల్లిపడిందని, నెయ్యి డబ్బాని కడగకుండానే పొద్దున తానే ఇచ్చింది.

కాగడా వెలుగులో ఆకుల మీద నెత్తురు మెరిసింది. ఎక్కడినుంచో సన్నగా ముఖ్తార్ గొంతు.

"అమ్మా... రాకే."

"నువ్వు అటునుంచి వాడి దగ్గరికి పోవే," అని కోడల్ని తోసి, జూని తన డబ్బాని బలంగా కొట్టింది.

గీకుడు ఆగింది. మొక్కజొన్న ఆకులు ఆమె వైపు కదిలాయి.