మూత పెట్టని మాట

ఆ అపార్ట్‌మెంటులో ఎవరింట్లోనూ పొయ్యి లేదు. కింది అంతస్తులోని యంత్రమే పది ఇళ్లకూ వండేది. ఏం కావాలో అందరూ ఫోన్లలో తెరుచుకునే ఒకే పేజీలో రాసేవారు, అందరూ దిద్దేవారు. లావు అక్షరాల్లో ఉన్నది యంత్రానికి ఆజ్ఞ, మిగతాదంతా ఇరుగుపొరుగు కబుర్లు.

కాంచనమాల భర్తకు పల్లీలు పడవు. నోట్లో పడితే గొంతు వాచిపోతుంది. "మూడో అంతస్తుకి పల్లీలు వద్దు" అని ఆమె వారం రోజులుగా రాస్తున్నా ఆ మాట కబుర్లలోనే ఉండిపోయింది. పచ్చడి గిన్నె రోజూ వెనక్కి వెళుతోంది. అందుకే ఆ ఉదయం పక్కింటి షకీలా దగ్గర కూర్చుని, మాటకు ముందూ వెనకా రెండేసి స్టార్ గుర్తులు పెట్టి అక్షరాలు లావు చేయడం నేర్చుకుని, తన మాట దిద్దింది.

మధ్యాహ్నం పచ్చడిలో పల్లీలు లేవు. సాంబారు మాత్రం నీళ్లలా ఉంది, కూరలో ఉప్పు లేదు. పేజీ తెరిస్తే ఆమె మాట నుంచి అడుగుదాకా అన్నీ లావు అక్షరాలే. "సాంబారు నీళ్లలా ఉంది", "కూరలో ఉప్పే లేదు" అన్న పాత ఫిర్యాదులను కూడా యంత్రం వినయంగా పాటించింది.

"ముందు పెట్టారు సరే, వెనకాల స్టార్లు పెట్టలేదేంటి పిన్నిగారూ? డబ్బా మూత పెట్టలేదని మమ్మల్ని సతాయిస్తారుగా," అంది షకీలా, ఆమె ఫోన్లోకి తొంగిచూసి.

కాంచనమాల మాట చివర రెండు స్టార్లు పెట్టింది. కబుర్లన్నీ సన్నబడి, ఆమె మాట ఒక్కటే లావుగా నిలిచింది.

"ఇంతకీ సాంబారు గురించి రాసిందెవరమ్మాయ్?"

"మీరే పిన్నిగారూ."

లోపల ఆయన సాంబారు పక్కకు జరిపి, పచ్చడి రెండోసారి కలుపుకుంటున్నాడు.