మీట దించిన చెయ్యి

సాయంత్రం ఆరున్నరకు టప్పుమని కరెంటు పోయింది. వీధి మొత్తానికి ఉంది. ఈ ఒక్క ఇంటికే లేదు. వరుసగా ఇది ఐదో రోజు.

లోపలి గదిలోంచి ఇల్లాలు విసురుగా బయటికొచ్చింది. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంది.

“లెక్క సగంలో ఉండగా తెర నల్లబడింది. ఈ లెక్కకు జవాబు చీకటేనా టీచర్ అని నిన్న ఒకడు అడిగాడు కూడా,” అంది. “రేపు వాళ్ళకు పరీక్ష పెడుతున్నాను. రేపు గనక కరెంటు పోయిందా, ఎల్లుండి పొద్దున మీ చేపలన్నీ తిరిగి కొట్టుకే.”

ఇంటాయన మోచేతుల దాకా చేతులు చేపల తొట్టిలో పెట్టి అద్దాలకు పట్టిన పాచి తోముతున్నాడు. ఏ రోజు పాచి ఆ రోజు తోమందే ఆయనకు ముద్ద దిగదు. తొట్టి మీది లైటు వేస్తే గానీ పాచి సరిగా కనబడదు. లైటు వేసిన రెండు నిమిషాలకు, నడవ గోడ మీది బోర్డులో ఇల్లంతటికీ ఉన్న బ్రేకరు పడుతుంది. తప్పు లైటుదేనని ఇంట్లో తీర్పు ఎప్పుడో అయిపోయింది.

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. మూడు రోజుల కిందటే జంట చేపలు పలకరాయి మీద గుడ్లు పెట్టాయి. రెండూ తిండి కూడా మానేసి కాపలా తిరుగుతున్నాయి. ఇప్పుడు తొట్టి కదిలిస్తే ఒక్క గుడ్డూ దక్కదు.

కూతురి దగ్గర ఉంటున్న మామగారు టార్చి పట్టుకుని వచ్చారు. “కిటికీ వెలుతురు ఉంది కదా బాబూ, ముందు మీ పని కానివ్వండి. బ్రేకరు సంగతి తర్వాత చూద్దాం,” అన్నారు, రోజూ అన్నట్టే మెత్తగా.

మర్నాడు ఇంటాయన సెలవు పెట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. అతను లైటు విప్పి లోపల చెమ్మ చేరిందేమోనని చూశాడు. పొడిగా ఉంది. వైరు వెంట జారే నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా, వైరు కాస్త కిందికి వేలాడేలా కట్టాడు. తర్వాత లైటు అరగంట వెలిగించి ఉంచాడు. బ్రేకరు కదిలితే ఒట్టు.

“పడినప్పుడు బ్రేకరు మీట ఎక్కడుంటోంది సార్?”

“కిందికి. పూర్తిగా.”

ఎలక్ట్రీషియన్ సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు. “ఈ రకం దానంతటది పడితే మీట సగంలో ఆగుతుంది. అడుగుదాకా దిగాలంటే మనిషి చెయ్యి పడాలి. మీ లైటుకు ఏ రోగమూ లేదు సార్. ఇంట్లోవాళ్ళను అడగండి.”

ఇంట్లో ఉన్నది ముగ్గురు. ఆ సమయానికి తన చేతులు తొట్టిలో ఉంటాయి. భార్య పాఠంలో ఉంటుంది. ఇంటాయన మెల్లగా తల తిప్పాడు. మామగారు నడవలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. సరిగ్గా బోర్డు కింద.

అక్కణ్ణుంచి ఆ పెద్దాయన దగ్గినా అనుమానంగానే వినబడింది. వచ్చిన రోజే ఆయన, ఇన్ని నీళ్ళూ ఇన్ని వైర్లూ ఒకచోట ఏమిటి బాబూ అని అడిగారు. వారం కిందట హాల్లో ఉండాల్సిన కుర్చీ నడవలోకి చేరింది. అక్కడ గాలి బాగుంటుందట. కిటికీ లేని నడవలో గాలి ఏమిటో. రెండు పూటలా దేవుడి ముందు కళ్ళు మూసుకుని కూర్చునే మనిషి, కన్నకూతురి పాఠం చెడగొట్టి మరీ మూగజీవాలను ఇల్లు వెళ్ళగొట్టిస్తాడా? భక్తి ఉన్నచోటల్లా దయ ఉండాలని రాసిపెట్టి ఉందా అనుకున్నాడు. అనుకున్నందుకు మనసులోనే లెంపలు వేసుకున్నాడు.

సంగతి భార్య చెవిన వేసి చూశాడు. ఆమె కస్సుమంది. పనికిమాలిన లైటు కొనుక్కొచ్చి నేరం పెద్దవాళ్ళ మీదికి తోస్తారా అని దులిపేసింది. “మా నాన్న బరువైతే ఆ ముక్క నాతో చెప్పండి,” అంది. పోనీ మామగారినే అడుగుదామంటే, పిల్లనిచ్చిన మనిషిని మీట దించారా అని నిలదీయడానికి నోరు రాలేదు. చేతితో సహా పట్టుకోవడం తప్ప దారి లేదు.

సాయంత్రం లోపలి గదిలో పరీక్ష మొదలైంది. ఇంటాయన లైటు వేసి, చేతులు నీళ్ళలో పెట్టి, పాచి తోముతున్నట్టు నటిస్తూ తొట్టి అద్దంలోకే చూడసాగాడు. అందులో వెనక నడవ మసకగా కనబడుతోంది. కుర్చీలోంచి తెల్లచొక్కా లేచింది. ఒకసారి ఇటు తొంగి చూసింది. బోర్డు వైపు చెయ్యి చాపింది.

టప్పుమంది.

తడి చేతులతోనే రెండంగల్లో నడవలోకి వెళ్ళాడు. మామగారి వేళ్ళు ఇంకా మీట మీదే ఉన్నాయి. అప్పుడే తలుపు తీసుకుని వచ్చిన ఇల్లాలు గుమ్మంలో నిలబడిపోయింది.

“నాన్నా, నువ్వా?”

“తొట్టి మీకు కంటగింపుగా ఉంటే నాతో ఒక్కమాట అనొచ్చు కదండీ,” అన్నాడు ఇంటాయన. “ఈ దొంగచాటు పని ఎందుకు?”

మామగారు తల దించుకున్నారు. “కంటగింపెందుకు బాబూ? మీరు ఆఫీసుకు వెళ్ళాక పొద్దంతా నాకు తోడు అవే. ఆ గుడ్లు పిల్లలైతే చూడాలని నాకూ ఉంది.”

“మరి?”

అల్లుడి మోచేతుల నుంచి కారుతున్న నీళ్ళను పెద్దాయన కాసేపు చూశారు.

“ప్లగ్గు తీయకుండా నీళ్ళలో చేతులు పెట్టొద్దని కొడుకునైతే కసిరేవాణ్ణి. అల్లుడుగారికి ఎలా చెప్పను బాబూ?”