అమ్మను చంపితే మార్కులు

"మీ అమ్మను చంపెయ్. మార్కులు వాటంతటవే పడతాయి," అన్నాడు ఒమొరెగీ మాస్టారు, చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటూ.

ఇసోకెన్ రాస్తున్న పెన్ను ఆపేసింది.

బెనిన్ నగరంలో టైర్ల కొట్టు పైన ఆయన కోచింగ్ సెంటరు. ఇసోకెన్ కాన్పుల వార్డులో నర్సు. చిన్నప్పుడు ఇంగ్లీషులో తిట్లు తిని, ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషులోనే ఊరందరికీ పురుళ్లు పోసిన మనిషి. బ్రిటన్‌లో నర్సుగా చేరాలంటే, ఆమెకు ఇంగ్లీషు వచ్చో రాదో అక్కడివాళ్లు పరీక్ష పెట్టి తేల్చాలట. అదే ఒక రోత అనుకుంటే, దాని మీద ఈయనొకడు.

పోయినసారి మాట్లాడే పరీక్షలో ఇంట్లోవాళ్ల గురించి చెప్పమంటే ఆమెకు నోరు పెగల్లేదు. అరమార్కుతో తప్పింది. అక్కడి ఆసుపత్రి ఉద్యోగం ఇంకా ఆమె పేరు మీదే ఉంది. ఈసారి కూడా తప్పితే మరొకరికి ఇచ్చేస్తామని వాళ్లు తేల్చి చెప్పేశారు.

"చావు కబురు చెబితే పరీక్ష చేసే దొర మనసు కరుగుతుంది. నువ్వు తడబడినా దుఃఖమే అనుకుంటాడు. ఉవైలా, లేచి చూపించమ్మా."

ఉవైలా లేచింది. కళ్ల కింద తలనొప్పి బాం రాసుకుంది. బొటబొటా నీళ్లు కారాయి. అమ్మ ఎలా ఆయాసపడిందో, ఆఖరి గుక్క నీళ్లు ఎవరు పోశారో, ఒక్క మాట పొల్లుపోకుండా వెక్కివెక్కి అప్పజెప్పింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. అంతలో ఆమె ఫోను మోగింది.

"ఆ, అమ్మా. వచ్చేస్తున్నా. బెండకాయ పులుసులో పెద్ద చేపముక్క నాకుంచు," అంది ముక్కు చీదుకుంటూ.

అందరూ విరగబడి నవ్వారు. ఆ బాం వాసనకీ, ఆ చీదుడుకీ, ఆ నవ్వులకీ ఇసోకెన్ ఒంటి మీద గొంగళిపురుగులు పాకినట్టయింది. తూ, ఇదీ ఒక చదువేనా అనుకుంది.

"ఇప్పుడు నువ్వు. మా అమ్మ చచ్చిపోయింది. అను."

"ఆ మాట నా నోట రాదు మాస్టారూ."

"నీకొక్కదానికే ఉందా అమ్మ? వీళ్లందరికీ లేరూ?"

"మా అమ్మయితే, నన్ను చంపైనా సరే పాసవ్వవే అంది," అంది ఉవైలా.

"రోజూ సాయంత్రం అమ్మ పక్కన కూర్చునే పాఠం అప్పజెబుతాను. ఆవిడ వింటుండగా ఆ మాటెలా అనను?"

"అయితే మళ్లీ తప్పు. నాదేం పోయింది," అని మాస్టారు అగ్గిపుల్ల మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు.

పరీక్ష గదిలో తెల్లాయన అడగనే అడిగాడు, నీకు బాగా ఇష్టమైన మనిషి గురించి చెప్పమని. ఇసోకెన్ ఒక్క క్షణం కళ్లు మూసుకుని, మొదలుపెట్టింది.

"మా అమ్మ పొద్దున్నే మా వీధి మలుపులో అకారా వడలు వేస్తుంది. అలసంద పిండి ఎలా రుబ్బాలో ఎవరు చెప్పినా వినదు. ఊరికే ఒకటి రుచి చూస్తానన్నవాణ్ణి గరిటె పుచ్చుకుని తరుముతుంది. నేను బ్రిటన్ వెళ్తానంటే, అక్కడి చలికి నూనె గడ్డకడుతుందేమో కనుక్కోమంటుంది."

తెల్లాయన నవ్వాపుకోలేకపోయాడు.

ఇసోకెన్ మంచి మార్కులతో పాసయింది. ఉవైలా తప్పింది. పాపం, వాళ్లమ్మ ఊరికే చచ్చింది.

"మొత్తానికి చంపావన్నమాట," అన్నాడు మాస్టారు.

"లేదు మాస్టారూ. చంపలేదు."

ఆయన నొసలు చిట్లించాడు. "క్లాసులో చంపనిదానివి నువ్వొక్కదానివే. మీ అమ్మ అదృష్టవంతురాలు."

ఇసోకెన్ ఇంటికి వెళ్లి, "పాసయ్యానమ్మా" అంటూ, వాకిట్లో తెల్ల పలకలు పరిచిన తల్లి సమాధి మీద కూర్చుంది.