ఎనిమిదో మలుపు

ఎనిమిదో మలుపు తిరుగుతుండగా వెనక చక్రం పక్కకి జారింది.

ఎల్దో రెండు కాళ్లూ నేలకి ఆన్చి బండిని ఎలాగో రోడ్డు వారకి తెచ్చాడు. రెండడుగుల అవతల లోయ.

"దిగు. నెమ్మదిగా."

"దిగుతాను అచ్చాయా. ముందు నా కాళ్ల వణుకు తగ్గనివ్వండి" అంది వెనక కూర్చున్న భార్య షైబి.

టైరులో అంగుళమున్నర మేకు.

ఎల్దోకి ఒళ్లు మండిపోయింది. ప్లైవుడ్ మిల్లులో నాలుగేళ్లు ఓవర్‌టైమ్ చేసి కొన్న బండి అది, దూర ప్రయాణాల కోసమే. ఆదివారం చర్చి నుంచి రాగానే గొలుసుకి నూనె పెట్టందే అన్నం ముట్టడు. "ఆ బండిని తుడిచినంత ముద్దుగా పిల్లల ముక్కు ఎప్పుడైనా తుడిచారా?" అని షైబి దెప్పుతూనే ఉంటుంది. కోతమంగళంలో మున్నార్‌కి బయల్దేరే ముందు కూడా రెండు టైర్లలో గాలి తనే చూసుకున్నాడు.

అప్పుడే పైమలుపు నుంచి ఒక ముసలాయన సైకిలు తోసుకుంటూ దిగాడు. లుంగీ మోకాళ్ల పైకి మడిచి కట్టాడు. హ్యాండిల్‌కి వేలాడుతున్న డబ్బా అడుగడుక్కీ గలగలమంటోంది.

"పంక్చరా, మోనే?" అని కొడుకుని పలకరించినట్టు అడిగాడు. "మూడో మలుపు దగ్గర నా కొట్టుంది. సామాను తెస్తానుండు."

ఎల్దో డబ్బాలోకి చూశాడు. సగానికి పైగా మేకులు.

"ఇవేంటి?"

"రోడ్డు మీద ఏరాను. పాత చెక్కలు మోసే లారీల నుంచి రాలుతుంటాయి."

"ఏరావా, చల్లావా?"

ముసలాయన డబ్బాని తన వైపు తిప్పుకున్నాడు.

"పంక్చరు కొట్టు నీదే. మేకులూ నీ దగ్గరే. బండి ఆగిన రెండు నిమిషాలకి ఊడిపడ్డదీ నువ్వే. మేం మరీ అంత వెర్రివాళ్లలా కనబడుతున్నామా, చేట్టా?"

కింది నుంచి వస్తున్న మరో రెండు బళ్లు ఆగాయి. విషయం విని, హెల్మెట్ తీస్తూనే ఒకడన్నాడు. "ఇదే ఘాట్‌లో నాకు రెండుసార్లు పంక్చరు పడింది. ఈయనేనన్నమాట."

ముగ్గురూ చుట్టూ చేరారు.

"మెడలో సిలువ ఉందిగా" అన్నాడు ఎల్దో. "దాన్ని పట్టుకుని చెప్పు. ఈ రోడ్డు మీద నువ్వెప్పుడూ మేకులు చల్లలేదని."

ముసలాయన చెయ్యి సిలువ దాకా వెళ్లింది. నోరు తెరిచాడు. మాట రాలేదు. తల దించుకున్నాడు.

"చూశావా?" అన్నాడు ఎల్దో భార్యతో.

"పెద్దాయన. వదిలేద్దాం అచ్చాయా."

ఎల్దో వదల్లేదు. ఆయన ముఖం ఫోటో తీశాడు. డబ్బా లాక్కుని మేకులన్నీ లోయలో కుమ్మరించాడు. తర్వాత తన సంచిలోంచి సామాను తీసి, తన టైరుకి తనే పంక్చరు వేసుకున్నాడు.

బండి కదులుతుంటే ముసలాయన దగ్గరకొచ్చాడు.

"పదకొండో మలుపులో ఎడమ అంచుకి పోకు మోనే. అక్కడింకా ఏరలేదు."

"బెదిరిస్తున్నావా?"

అన్నాడే గాని, పదకొండో మలుపులో మాత్రం ఎడమ అంచుకి పోలేదు.

మున్నార్ చేరగానే ఫోటో రైడర్ల గ్రూపులో పెట్టాడు. 'ఈ ముఖం గుర్తుంచుకోండి. ఘాట్‌లో మేకులు చల్లేది ఇతనే.' సాయంత్రానికి అది ఊళ్లు దాటిపోయింది. అందరూ మెచ్చుకున్నారు.

మూడు నెలలు గడిచాయి. ఘాట్‌లో పంక్చర్లు తగ్గలేదు. రెట్టింపయ్యాయి. పదకొండో మలుపులో గ్రూపు కుర్రాడొకడు పడి భుజం విరగ్గొట్టుకున్నాడు.

ఎల్దో అనుమానం తీరక, ఒక పొద్దున్న ఒంటరిగా బయల్దేరాడు. మూడో మలుపు దగ్గర 'ఔసేప్పు పంక్చర్ వర్క్స్' అన్న బోర్డు వంకరగా వేలాడుతోంది. తలుపుకి తాళం. పక్కనే టీ కొట్టు. అక్కడ ఒకావిడ గ్లాసులు కడుగుతోంది. టీ తాగుతున్నవాళ్లు ఆవిణ్ణి త్రేస్యామ్మ అని పిలుస్తున్నారు.

"చేచ్చీ, ఈ కొట్టాయన ఎక్కడ? మళ్లీ చాటుగా మేకులు చల్లుతున్నాడా?"

ఆవిడ తలెత్తి అతన్నీ బండినీ చూసింది.

"నీ దగ్గర కూడా ఆ ఫోటో ఉందా?"

"తీసింది నేనే."

ఆవిడ మరో గ్లాసు కడిగింది.

"అది చూసి టౌను కుర్రాళ్లొచ్చి అతని సైకిలు లోయలోకి తోసేశారు. మర్నాడు తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు."

"అయితే నిజంగానే ఏరేవాడా?"

"పద్దెనిమిదేళ్లు. వానైనా, క్రిస్మస్ అయినా మానలేదు. ఇప్పుడు మేకులు నా కంట పడుతూనే ఉన్నాయి గాని, ఏరుదామంటే నా నడుం వంగదు."

ఎల్దో బల్ల మీద కూర్చున్నాడు. "ఎప్పుడూ చల్లలేదని ఒక్కమాట అనుంటే వదిలేసేవాణ్ణి చేచ్చీ. సిలువ పట్టుకుని కూడా అనలేకపోయాడు."

"అబద్ధం ఆడడు గనక అనలేదు" అంది త్రేస్యామ్మ. "ఒకప్పుడు చల్లాడు. బేరాల్లేని రోజుల్లో, ఒకే ఒక్క గుప్పెడు. ఒక బండి లోయలోకి పోయింది. ఎవరూ కనిపెట్టలేదు. తనే చర్చిలో అందరి ముందూ నిలబడి చెప్పేశాడు. జైలుకెళ్లాడు. తిరిగొచ్చిన మర్నాటి నుంచి ఏరడం మొదలుపెట్టాడు."

"ఫోటో తీసేస్తాను."

"నీ ఫోన్లోంచేగా."

ఎల్దో ఆ తాళం వంక చూశాడు.

"ఆ లోయలో పోయినవాళ్ల ఇంటివాళ్లు అతన్ని ఈ ఊళ్లో ఎలా ఉండనిచ్చారు?"

త్రేస్యామ్మ టీ గ్లాసు అతని ముందు పెట్టింది.

"మొదటి ఏడాది ఆ మనిషి ముఖం కూడా చూడలేదు. మా ఆయన్ని పొట్టన పెట్టుకున్నవాడని. రెండో ఏడాది నుంచి పొద్దుటి మొదటి టీ అతనికే పోసేదాన్ని."