గుంపు అన్నదెవరు?

"గుంపులు గుంపులుగా వస్తారని రాశారిక్కడ. ఎవరండీ గుంపు?"

శేషగిరి చేతిలోని కాగితాన్ని బల్ల మీద పెట్టి కౌన్సిల్ ప్లానింగ్ కమిటీ సభ్యులు ఏడుగురినీ వరసగా చూశాడు. ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో తామున్న వీధి చివర మూతబడ్డ పబ్బును తెలుగు సంఘానికి హాలుగా మార్చుకుంటామని దరఖాస్తు పెట్టి పద్నాలుగు నెలలైంది. ఇవాళ అనుమతి రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని పబ్బు యజమాని తేల్చి చెప్పాడు. పిల్లల తెలుగు బడి ఇప్పటికే మూడు చోట్లు మారింది. నాలుగో చోటు ఎక్కడా దొరకడం లేదు.

ఇంత శ్రమకూ అడ్డం పడింది ఒక్క ఉత్తరం. అదే వీధిలో ఉండే మిసెస్ డాసన్ అభ్యంతరమంటూ కౌన్సిల్‌కు పంపింది. గుంపులట, గోలట, వంటల కంపట, ఎవరితోనూ కలవని మనుషులట. చదివిన రోజున శేషగిరికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇవాళ్టికీ చల్లారలేదు.

పక్కన కూర్చున్న సంఘం కార్యదర్శి వీరాంజనేయులు అతని మోచెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు. "ఊరికే ఉండప్పా. మాటల కోసం కొట్లాడితే హాలు పోతాది."

"పోతే పోనీండి. పడి ఉండటానికి రాలేదు మనం."

మాట్లాడటానికి ఇచ్చింది మూడు నిమిషాలు. శేషగిరి వాటిని బాగా వాడుకున్నాడు. ఫుట్‌బాల్ రోజుల్లో ఇదే పబ్బు ముందు రోడ్డంతా జనంతో నిండిపోతే దాన్ని సందడి అన్నారనీ, పాతిక కుటుంబాలు ఉగాదికి కలుస్తామంటే గోల అంటున్నారనీ కడిగిపారేశాడు. మూలనున్న చేపల దుకాణం నుంచి వచ్చేది ఘుమఘుమ, తమ పులిహోర నుంచి వచ్చేది కంపా అని నిలదీశాడు. ఆఖరికి ముందు వరసలో కూర్చున్న మిసెస్ డాసన్ వైపే తిరిగాడు.

"మీ అన్నయ్య స్పెయిన్ వెళ్తే స్థిరపడ్డాడంటారు. మేమిక్కడికొస్తే చొరబడ్డామా?"

ఆవిడ ముఖం కందగడ్డ అయింది. మెడలోని స్కార్ఫు సర్దుకుని, ఆ మాటలు తనవి కావని గొణిగింది.

శేషగిరి వదల్లేదు. మరి ఎవరివో చెప్పమన్నాడు. పక్కింటివాళ్ళ గురించి అంత విషం కక్కిన మనిషి ఎవరో అందరి ముందూ బయటపడాలన్నాడు. అలాంటి మనిషి ఆ వీధిలో ఉండటానికే తగడనీ, కమిటీ ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వెయ్యాలనీ గట్టిగా కోరాడు. వెనక కుర్చీల్లో ఉన్న సంఘం వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎన్నాళ్ళుగానో మింగుకున్నదంతా కక్కేసినట్టు అతనికి హాయిగా అనిపించింది.

అధ్యక్షుడు చప్పట్లు ఆపించి, మాటలు ఎక్కడివో చెప్పమని మిసెస్ డాసన్‌ను అడిగాడు. ఆవిడ లేచి, వచ్చిన అభ్యంతరాలన్నీ పెట్టే మీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే ఉందంటూ ఒక పాత దరఖాస్తు నంబరు చదివింది. గుమాస్తా దాన్ని కంప్యూటర్లో కొట్టి గోడ మీది తెర వెలిగించాడు.

"నాకు ఉత్తరాలు రాయడం రాదు," అంది ఆవిడ. "మూడేళ్ళ కిందట పోలండ్ వాళ్ళు మా వీధిలో క్లబ్బు పెట్టుకోబోతే ఈ ఉత్తరమే ఆపింది. అందుకని దీన్నే దించాను. పోలిష్ వాళ్ళు అన్నచోట ఇండియన్లు అని మార్చాను, అంతే."

తెర మీద ఉత్తరం నిలిచింది. గుంపులు, గోల, కంపు, ఎవరితోనూ కలవని మనుషులు, అన్నీ అదే వరసలో ఉన్నాయి.

కింద ఉన్న పేరు శేషగిరిది.